బోరు పూడ్చిన తర్వాత

మా ఊళ్లో భూమి మొదటిసారి అదిరినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతున్నాను. వీధిలో ఎవరో లారీడు రాళ్లు ఒక్కసారిగా కుమ్మరించినట్టు చప్పుడైంది. నేను నిజంగా లారీయే అనుకున్నాను. దారికి అడ్డంగా రాళ్లు పోయించిన పుణ్యాత్ముడెవరో చూసి నాలుగు మాటలు అందామని లేచాను. లేస్తే కాళ్ల కింద నేల కుదురుగా లేదు. గోడకున్న అక్షరాల పటం ఊగుతోంది. పైన బండల సందుల్లోంచి మన్ను పిల్లల నెత్తిన రాలింది. ఒక పాప అదేదో ఆట అనుకుని నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే ఊరంతా ఒకేసారి కేక పెట్టింది.

పిల్లల్ని రెక్కలు పట్టి బయటికి లాగేసరికి అంతా ఆగిపోయింది. వీధి నిండా జనం. ఒకామె చేతిలో రొట్టె కాలుస్తున్న అట్లకాడ అట్లాగే ఉంది. ఒకాయన ఒంటి మీద సబ్బు నురగతోనే నిలబడ్డాడు. నవ్వాల్సిన వాళ్లెవరూ నవ్వలేదు.

మాది ముదిగుబ్బకూ కదిరికీ మధ్య మెట్ట ఊరు. చెనిక్కాయ, గొర్రెలు, అక్కడక్కడా చీనీ తోటలు. పై ఊళ్ల వాళ్లు చెనిక్కాయను వేరుశనగ అనీ, చీనీని బత్తాయి అనీ అంటారు. ఇళ్లు రాతివి. నిలువుగా పాతిన రాతి కూసాలు, వాటి మీద బండలు, బండల మీద జానెడు మన్ను. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుందని మా వాళ్లకు ఆ ఇళ్లంటే మహా గొప్ప. ఇన్నేళ్లూ నెత్తి మీద అంత బరువు పెట్టుకుని కన్ను మూస్తున్నామని ఎవరికీ తోచలేదు. ఆ పూట అందరికీ తోచింది.

ఆ అదురుకు కొద్ది రోజుల ముందే మేము బోరు వేయించాము.

మా ఇంటాయన గురించి చెప్పాలంటే ఆ బోరు దగ్గర్నుంచే చెప్పాలి. ఎందుకంటే ఆయనను నవ్వుతూ చూసిన చివరి రోజు అదే. మా చీనీ చెట్లు కాపు మీద ఉండగా పాత బోర్లు ఎండిపోయాయి. ఆకు ముడుచుకుని, పిందె రాలిపోతుంటే ఆయన తోటలో తిరుగుతూ ఒక్కో చెట్టుతో మాట్లాడేవాడు. "ఒక నెల ఓపిక పట్టు తల్లీ, నీకు నీళ్లు తెస్తా" అని. చెట్టుకు చెప్పినంత నెమ్మదిగా నాకెప్పుడైనా చెప్పావా అని నేను దెబ్బలాడేదాన్ని. పొలం గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీది మనిషిని గట్టిగా పిలిచి ఎకసెక్కం చేయకపోతే ఆయనకు పొద్దు పోదు. ఎవరి ఇంట్లో పెళ్లైనా, చావైనా వండే దగ్గర పెద్ద గరిటె ఆయన చేతిలోనే ఉండేది.

బోరు బండి వచ్చింది. పసుపు, కుంకుమ పెట్టాము, టెంకాయ కొట్టాము. పొద్దున మొదలుపెట్టిన బండి సాయంత్రమైనా ఒట్టి దుమ్మే చిమ్ముతోంది. మామూలుగా మా ఊళ్లో ఎవరైనా ఆపేసే లోతు దాటిపోయింది. ఇంక చాలప్పా అని బండి వాళ్లే అన్నారు. ఆయన ఇంకా వేయండి అన్నాడు. ఊళ్లో అంతకు ముందెవరూ అంత లోతుకు పోలేదు. ఉన్నట్టుండి దుమ్ము తడిసింది, బురదైంది, ఆ తర్వాత తెల్లటి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. ఆయన చొక్కాతోనే ఆ నీళ్ల కింద నిలబడ్డాడు. ఊరి వాళ్లంతా వచ్చి చూసి పోయారు. వాళ్లలో మా పెద్ద బావ కూడా ఉన్నాడు. ఆయన మా ఇంటాయనకు పెదనాన్న కొడుకు, ఊళ్లో నలుగురూ మాట వినే మనిషి. తానే ఇంకో టెంకాయ తెప్పించి కొట్టాడు. "మా తమ్ముడు పాతాళగంగను తెచ్చినాడప్పా" అని అందరికీ చెప్పుకున్నాడు.

ఇదే పెద్ద బావ తర్వాత ఏమన్నాడో చెబుతాను.

రెండోసారి అదిరింది మిట్ట మధ్యాహ్నం. ఈసారి చప్పుడు తక్కువ, ఊపు ఎక్కువ. మా వీధి చివరి ఇంట్లో ఒక బండ జారింది. ఆ ఇంట్లో బాలింత ఉంది. బిడ్డను పక్కకు తోసింది గానీ తన కాలు తీసుకోలేకపోయింది. మోకాలి కింద ఎముక పిండైపోయింది. కదిరికి తీసుకుపోయారు, అక్కడి నుంచి అనంతపురం పంపారు. కాలు దక్కింది గానీ అది నడిచే కాలు కాలేదు. కడుపుతో ఉన్నన్నాళ్లూ నా దగ్గరికి గుడ్లకూ పాలకూ వచ్చిన పిల్ల ఆమె. వచ్చినప్పుడల్లా వాకిట్లో ఉన్న మా ఇంటాయనతో తగాదా పెట్టుకుని నవ్వుకుంటూ పోయేది.

ఆ రోజు నుంచి ఊరు ఊరుగా లేదు. ఎవరూ ఇంట్లో పడుకోలేదు. మంచాలు వీధిలోకి వచ్చాయి. మంచాలు లేని వాళ్లు చెనిక్కాయ కళ్లాల్లో పట్టలు పరుచుకున్నారు. ఆడవాళ్లు వంట గదిలో ఒక చెంబు మీద ఇంకో చెంబు, దాని మీద గ్లాసు పెట్టి, గ్లాసు గలగలమంటుందేమోనని ఒక చెవి అటు వేసి వండేవాళ్లు. అన్నం మాడిపోయేది, కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. స్నానాల గదికి బండ కప్పు ఉందని ఒక ముసలామె వారాల తరబడి నీళ్లు పోసుకోలేదు. గొర్రె ఉలిక్కిపడితే మనిషి ఉలిక్కిపడేవాడు. దూరంగా క్వారీలో మందు పేలిస్తే గర్భిణులు కడుపు పట్టుకుని వీధిలోకి పరిగెత్తేవాళ్లు. నా అంగన్‌వాడీ పిల్లలు గడప లోపలికి రామన్నారు. వేపచెట్టు కింద కూర్చోబెట్టి పాటలు చెప్పించాను. పాట మధ్యలో ఒక పిల్లవాడు అరచేయి నేలకు ఆనించి చూసేవాడు. వాణ్ని చూసి అందరూ ఆనించేవాళ్లు. నేను పాట మరిచిపోయేదాన్ని.

భయం అంత ఉన్నప్పుడు దానికో కారణం కావాలి. రచ్చకట్ట మీద మొదట అది నవ్వులాటగానే వచ్చింది.

"ఏమప్పా, అంత లోతుకు పొడిస్తే భూమమ్మ గమ్మునుంటుందా? కడుపులో పొడిచినావు గదప్పా" అన్నాడు పెద్ద బావ.

అందరూ నవ్వారు. మా ఇంటాయన కూడా నవ్వాడు. మరుసటి రోజు అదే మాట ఇంకొకాయన నవ్వకుండా అన్నాడు. ఆ వారంలోనే నీళ్ల కొళాయి దగ్గర ఆడవాళ్ల నోటికొచ్చింది. నేను బిందె పెట్టగానే మాట ఆపేవాళ్లు. నాకు వినబడకూడదని ఆపడం కాదు, నాకు తెలియాలనే ఆపడం. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ ఊళ్లో బోర్లు లేని పొలం చూపించండి. మీ మొగుళ్లు పొడిచినప్పుడు భూమమ్మకు నొప్పి లేదా?" అని అడిగాను.

"మేమంత లోతు పోలేదు గదక్కా" అంది ఒకామె. కోపంగా అనలేదు. నాకు నచ్చజెబుతున్నట్టే అంది. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

పైనుంచి అధికారులు వచ్చారు. బడిలో ఏదో యంత్రం పెట్టారు, కొన్నాళ్లుంచారు, తీసుకుపోయారు. ఇవి చిన్న అదుర్లు, కొన్నాళ్లకు వాటంతటవే సద్దుమణుగుతాయి, పాడుబడ్డ ఇళ్లలో ఉండకండి అని చెప్పారు. ఒక బోరు తవ్వితే భూమి అదరడమేమిటని నవ్వారు కూడా. ఆ నవ్వే పని చెడగొట్టింది. తమ భయాన్ని చూసి నవ్విన మనిషి మాట ఎవరు వింటారు? జీపు ఊరి పొలిమేర దాటకముందే "వాళ్లట్లనే చెప్తారులే" అనేశారు.

నేను ఊరితో పోట్లాడుతూ ఉన్నాను గానీ ఇంట్లో ఏం జరుగుతోందో ఆలస్యంగా చూశాను. ఆయన గట్టు మీద నుంచి ఎవరినీ పిలవడం లేదు. కంచం ముందు కూర్చుని అన్నాన్ని కుప్పగా చేసి, మళ్లీ పరిచి, చేయి కడుక్కునేవాడు. రోజూ ఆ బాలింత ఇంటి ముందుకు పోయి నిలబడేవాడు. లోపలికి పోడు, పలకరించడు. ఆ పిల్ల అత్త చూసి, "ఏమన్నా, నీళ్లు తాగుతావా?" అంటే తల అడ్డంగా ఊపి వచ్చేసేవాడు. ఆ ఇంటి వాళ్లు ఒక్క మాట అనలేదు. ఆ విషయం ఇక్కడ రాసి పెట్టాలి. ఊళ్లో నష్టపోయిన ఇల్లు ఒక్కటే. నోరు మెదపనిదీ ఆ ఒక్క ఇల్లే.

ఒక రోజు పొలానికి సద్ది తీసుకుపోతే ఆయన బోరు పక్కన బోర్లా పడుకుని, కేసింగ్ పైపుకు చెవి ఆనించి ఉన్నాడు. పడిపోయాడేమోనని పరిగెత్తాను.

"ఏమయ్యా, ఏం చేస్తాండావు?"

"గమ్మునుండు. లోపల చప్పుడొస్తాండాది."

"మోటరు చప్పుడు."

"మోటరు ఆపేసినా."

నేనూ వంగి చెవి పెట్టాను. ఏమీ లేదు. పైపు వేడికి చెవి కాలింది. ఏమీ లేదని చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు, వినికిడి లేని మనిషిని చూసినట్టు.

బోరు పూడ్చాలన్న మాట రచ్చకట్ట మీద ఎవరు మొదట తెచ్చారో నాకు తెలియదు. ఆడవాళ్లు రచ్చకట్ట దగ్గరికి పోయే అలవాటు మా ఊళ్లో లేదు. నేను పోయాను. కట్ట ఎక్కకుండా కింద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. కరువు సీమలో నీళ్లు పడ్డ బోరును పూడ్చమనే మనుషులు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారా అన్నాను. మా నోట్లో మన్ను కొట్టడానికి ఇంతమంది కూర్చోవాలా అన్నాను. పెద్ద బావ నెమ్మదిగానే జవాబిచ్చాడు.

"నీకేమన్నా మేము పగోళ్లమా అమ్మా? ఊరి క్షేమం చూడాల గదా. మా అమ్మ కాలు సెయ్యి పడిపోయి మంచంలో ఉండాది. బండ జారితే ఆయమ్మ లేచి పరిగెత్తగలదా? చెప్పు."

ఆ ముసలామె నాకు పెద్దత్త. నా పెళ్లైన కొత్తలో నాకు రొట్టె తట్టడం నేర్పిన మనిషి. నేను మళ్లీ మొదలుపెట్టేలోపు వెనక నుంచి మా ఇంటాయన గొంతు వినిపించింది.

"పూడ్చేద్దాం లేన్నా. నేనే పూడుస్తా."

అందరి ముఖాల్లోనూ ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకాయన లేచి ఆయన భుజం మీద చేయి వేశాడు. నేను కొట్లాడింది ఊరితో అనుకున్నాను. ఊరు అప్పటికే ఆయన లోపల కూర్చుందని నాకు ఆ రోజు తెలిసింది.

పూడ్చే రోజు చూశాను. మోటరు, పైపులు పైకి తీశారు. ముందు గులకరాళ్లు పోశారు. తర్వాత ఊరి ఆడవాళ్లు వరసగా వచ్చారు. ప్రతి ఇంటి నుంచి వాళ్ల వాకిట్లోని మన్ను ఒడిలో కట్టుకొచ్చి బోరులో వేయాలని, అప్పుడే ప్రతి ఇంటి మీదా భూమమ్మకు దయ ఉంటుందని ఎవరో చెప్పారట. ఒక్కొక్కరూ వంగి, పిడికెడు మన్ను వేసి, చేతులు దులుపుకుని, కళ్లకద్దుకుని పక్కకు తప్పుకున్నారు. మా వైపు మనిషిని గుంతలో దించాక చేసేది కూడా ఇదే. అంతమందిలో ఎవరికీ అది తట్టలేదా, తట్టినా చేశారా అని ఇప్పటికీ నాకు అనుమానం. ఆయన బోరు తలాపున చేతులు కట్టుకుని నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ తల వంచాడు. చావింట్లో కొడుకు నిలబడ్డట్టు. నా వంతు వచ్చినప్పుడు నేను వేయలేదు. ఒట్టి చేతులతో పక్కకు వచ్చేశాను. ఎవరూ బలవంతం చేయలేదు.

తర్వాత భూమి కదలలేదు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఊళ్లో మంచాలు ఒకటొకటిగా లోపలికి పోయాయి. చెంబు మీద చెంబు పెట్టడం మానేశారు. పిల్లలు అంగన్‌వాడీ గడప దాటారు. "చూసినావా అక్కా, నిలిచిపాయ గదా" అని కొళాయి దగ్గర నాకు చెప్పేవాళ్లు. వాళ్ల ముఖాల్లో తేట చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఎందుకంటే ఇంట్లో ఆ తేట లేదు. అదురు లేని ప్రతి రోజూ ఆయన నేరానికి ఇంకో సాక్ష్యం. బోరు పూడిస్తే ఆగింది కాబట్టి, బోరు వేసినందుకే మొదలైంది. ఆ పిల్ల కాలు ఆయనే విరగ్గొట్టాడు. లెక్క అంత సులభంగా తేలిపోయింది ఆయనకు.

ఈలోగా చీనీ చెట్లు ఎండాయి. ఆకు రాలింది, కొమ్మ నల్లబడింది. ఆయన తోటలోకి పోవడం మానేశాడు. కట్టెల వాళ్లు వచ్చి నరికి ట్రాక్టరులో వేసుకుపోతుంటే నేనొక్కదాన్నే నిలబడి చూశాను.

నేను ఒక కోరిక కోరుకున్నాను. భూమి ఇంకొక్కసారి అదరాలని. ఎవరికీ దెబ్బ తగలకుండా, పగటి పూట, అందరూ బయట ఉన్నప్పుడు, ఒక్కసారి. అదిరితే బోరుకూ దానికీ సంబంధం లేదని తేలిపోతుంది. ఆయన తల మీది బండ దిగిపోతుంది. ఇంట్లో దీపం పెట్టి దేవుణ్ని అందరూ ఏం అడుగుతారో నేనూ అదే అడిగినట్టు కళ్లు మూసుకుని, లోపల మాత్రం అదురు అడిగేదాన్ని. సిగ్గు పడలేదు. భయపడ్డాను గానీ సిగ్గు పడలేదు.

అదిరింది. ఒక ఉదయం, నేను కొళాయి దగ్గర ఉండగా. బిందెలో నీళ్లు వణికాయి, పక్కింటి గోడ మీది పెంకు రాలి పగిలింది. ఆడవాళ్లు బిందెలు వదిలేసి ఏడుస్తూ పిల్లల కోసం పరిగెత్తారు. నేను మాత్రం చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను. "చూసినారా! చూసినారా! ఇప్పుడు ఏ బోరు పొడిచినారు?" అని వీధిలో నిలబడి అరిచాను. అందరూ నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. ఆ రోజు మా ఇంట్లో ఇద్దరికీ మతి లేదనే అనుకుని ఉంటారు.

కొంగు నడుముకు చెక్కి పొలానికి పరిగెత్తాను. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయనకు చెప్పడానికి అంత మంచి మాట నా దగ్గర ఎప్పుడూ లేదు. ఆయన పూడ్చిన బోరు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"అదిరింది! తెలిసిందా నీకు? మళ్ల అదిరింది! నీ బోరు కాదయ్యా, నీది కాదు తప్పు!"

ఆయన తలెత్తాడు. ముఖంలో ఆశ్చర్యం లేదు. వేలితో మన్ను గుచ్చి చూపించాడు.

"యాడో వదులుండాది. నేను సరిగ్గా పూడ్సలేదు."

నేను ఆ మన్నులోనే కూలబడ్డాను. భూమే వచ్చి సాక్ష్యం చెప్పినా ఆయన నమ్మలేదు. ఆ రోజు నుంచి గంప తీసుకుని, ఎక్కడెక్కడి మన్నో తెచ్చి బోరు మీద పోయడం మొదలుపెట్టాడు. పోస్తాడు, కాలితో తొక్కుతాడు, మళ్లీ గంప ఎత్తుతాడు. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. అన్నం పెడితే మట్టి చేతులతోనే రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు.

ఊళ్లో ఒకరు దర్గాలో తాయెత్తు కట్టించమన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. తాయెత్తూ కట్టించాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. కుందుర్పి దగ్గర ఇచ్చిన మా కూతురు వచ్చి, వాళ్ల నాయన అరచేతులు చూసి, ఆ రోజే ఆటో పిలిచింది. అనంతపురంలో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. డాక్టరమ్మ ఆయన చెప్పిందంతా నవ్వకుండా విన్నది. నాకు ఆమె మీద గౌరవం అక్కడే కలిగింది. ఇది జబ్బు, మందు ఉంది, నెలలు పడుతుంది, మధ్యలో ఆపొద్దు అంది. బయటికి వచ్చేటప్పుడు "మీ ఊళ్లో ఇంకెవరికైనా నిద్ర పట్టకపోతే తీసుకురండి" అంది. ఊరంతటికీ బస్సు కట్టాలమ్మా అన్నాను. ఆమె ఈసారి నవ్వింది. నేను ఎకసెక్కానికి అనలేదు.

మాత్రలు పని చేశాయి, చేసినంత మేరకు. గంప మూలన పడింది. అన్నం తింటున్నాడు. పిలిస్తే పలుకుతున్నాడు. ఒక రోజు నా కూరలో ఉప్పు లేదని విసుక్కున్నాడు, ఆ పూట నేను పండగ చేసుకున్నాను. కానీ ఇంట్లో పడుకోడు. బోరు మాట ఎత్తడు. నేనూ ఎత్తను.

తర్వాత వచ్చిన ఎండాకాలం చాలా చెడ్డది. ఊరి బోర్లు ఒకటి తర్వాత ఒకటి ఎండి గాలి చప్పరించాయి. ట్యాంకరు వచ్చిన పూట బిందెలతో తలలు పగలగొట్టుకున్నారు. అదుర్లు ఆగిపోయి చాలా కాలమైంది, వాటి మాట ఎత్తే వాళ్లే లేరు. ఆ రోజుల్లోనే పెద్ద బావ బోరు బండి తెప్పించాడు. ఊరి వెనక తన పొలంలో, మా బోరు కంటే లోతుకు పోవడానికి. టెంకాయ కొట్టడానికి మమ్మల్నీ పిలిచాడు. "నువ్వు లేకుంటే ఎట్లా తమ్ముడా?" అన్నాడు. బావ కళ్లలో కపటం లేదు. నిజంగానే మరిచిపోయాడు. మరిచిపోగలిగిన వాళ్ల మీద నాకున్నంత కోపం ఇంకెవరి మీదా లేదు.

బండి మొదలయ్యే రోజు మా ఇంటాయనను కదిరికి తీసుకుపోదామనుకున్నాను. రానన్నాడు. సరే, వాకిలి వేసి పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాను. ఊరి వెనక నుంచి దబదబమని చప్పుడు మొదలైంది. ఆయన చేతిలోని కాయ అట్లాగే పట్టుకుని కాసేపు విన్నాడు. లేచి చెప్పులేసుకున్నాడు.

"యాడికి?"

వాకిలి తీసుకుని వీధిలోకి నడిచాడు. వెనకే పోయాను. ఆయన మొదటి ఇంటి ముందు నిలబడి తలుపు తట్టాడు.

"బయటికి రాండి. ఆడ బోరేస్తాండారు. బండల కింద ఉండాకండి. పిల్లోల్లని తీస్కోని బయటికి రాండి."

రెండో ఇల్లు, మూడో ఇల్లు. గట్టు మీది నుంచి ఊరికి వినబడేట్టు పిలిచిన గొంతు ఎన్నో నెలల తర్వాత బయటికి వచ్చింది, ఈ మాట చెప్పడానికి. కొందరు నవ్వారు. కొందరు అయ్యో అన్నారు. ఒడిలో మన్ను తెచ్చి వేసిన ఒకామె గడపలో నిలబడి, "ఏమన్నా, ఇంగా ఆ మాటే పట్టుకోనుండావా?" అంది. నాకు ఆమెను కొట్టాలనిపించింది. ఆ మాట ఆయన చేతిలో పెట్టింది వీళ్లే. పెట్టి, మంచాలు లోపలేసుకుని నిద్రపోయారు. ఊరంతా నమ్మి వదిలేసిన దాన్ని ఆయనొక్కడే ఇంకా నమ్ముతున్నాడు.

వీధి చివర పెద్ద బావ ఇల్లు. ఇంట్లో వాళ్లంతా బోరు దగ్గరికి పోయారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన తోసుకుని లోపలికి పోయాడు. నేను పోయేసరికి బండల కింద మంచంలో ఉన్న పెద్దత్తను మంచంతో సహా గుమ్మం వైపు లాగుతున్నాడు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. వెనక కోళ్లు నేలకు గీసుకుంటున్నాయి, ముందు కోళ్లు గడపకు తట్టుకున్నాయి.

"ఎవరదీ?" అంది పెద్దత్త.

"నేనే పెద్దమ్మా. నీకేం కాదు. బయట నీడలో ఏస్తా నిన్ను. వాళ్లు ఆపిందాకా ఆడ్నే ఉందువు."

ఆమె కదిలే చేయి ఒక్కటీ చాపి ఆయన మణికట్టు పట్టుకుంది. వదల్లేదు.

బయట జనం చేరారు. ఎవరో బావను పిలుచుకురావడానికి పరిగెత్తారు. "మీ ఆయప్పను తీస్కపో అక్కా, వాళ్లన్న వచ్చినాడంటే రచ్చ అయితాది" అన్నారు. నేను ఆయన రెక్క పట్టుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చెమట, దుమ్ము. బోరు నా తప్పు అన్న మనిషి ముఖం కాదది. తన పెద్దమ్మను కాపాడుకుంటున్న మనిషి ముఖం. ఆ పూట ఊళ్లో ఇంకొకరి ప్రాణం గురించి ఆలోచిస్తున్నది ఆయనొక్కడే. పిచ్చి అని మాత్రలిప్పిస్తున్నది ఆయనకే.

"ఏమే, ఆ పక్క పట్టుకో" అన్నాడు.

బోరు బండి మోత ఆగలేదు. వీధి మొదట్లో బావ అరుపు వినిపిస్తోంది. ఆయనను ఇంటికి తీసుకుపోదామని వచ్చిన నేను, రెక్క వదిలేసి, వంగి, కాళ్ల వైపు మంచం పట్టుకున్నాను.